బలిపీఠం ఎక్కడ బావా?

మొదటి రోజు: ఏథెన్స్

నేను దిగాను, నా సూట్‌కేసు దిగలేదు. బెల్టు మీద ఆఖరి పెట్టె కూడా వెళ్లిపోయాక కౌంటర్లో ఒక కాగితం చేతిలో పెట్టి, రేపో ఎల్లుండో హోటల్‌కే పంపిస్తామన్నారు. కాళ్లకు చెప్పులు, ఒంటి మీద ఒక జత బట్టలు, అంతే నా ఆస్తి. మ్యూనిక్ నుంచి రెండు గంటలు ముందే వచ్చి బయట కాచుకుని ఉన్న మా బావ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏంద్రా, మొక్కుకోని నడిచొచ్చినట్టుండావే" అన్నాడు.

ఈ యాత్ర నా పిచ్చి. గ్రీకు దేవుళ్ల కథలు అందరూ చెబుతారు. ఆ దేవుళ్లకు పూజ ఎలా జరిగేది, ఎవరు ఏం మోసుకొచ్చారు, కోసిన మాంసం ఎవరికి పోయింది అన్నది నాకు కావాలి. చిత్తూరు జిల్లాలో గంగమ్మ జాతరలు చూస్తూ పెరిగినవాడికి ముందు అవే ప్రశ్నలు వస్తాయి మరి. బావ షరతు ఒక్కటే: రోజుకు ఒక మ్యూజియం, అంతకు మించితే హోటల్‌కి వెళ్లి పడుకుంటాడు.

మధ్యాహ్నం కెరమైకోస్‌కి వెళ్లాం. ఊరి పాత గోడ, దాన్ని ఆనుకుని శ్మశానం, మధ్యలో సన్నటి వాగు, గడ్డిలో తాబేళ్లు. జనం పెద్దగా లేరు. ఇక్కడ రెండు కోట ద్వారాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఈ ఊరి దేవత ఎథీనా ఊరేగింపు ఊళ్లోకి, కొండ మీదికి పోయేది. రెండోదాంట్లోంచి పంటల దేవత డిమీటర్ భక్తులు ఊరి బయటికి, ఆమె గుడి ఉన్న ఎల్యూసిస్‌కి నడిచేవాళ్లు. రెంటికీ నడుమ ఊరేగింపులు సిద్ధం చేసుకోవడానికే ఒక కట్టడం ఉండేది, దాని పునాదులు మిగిలాయి. మన రథశాల లాంటిదనుకోండి.

వాళ్ల పంచాంగం కూడా మనకు కొత్తేం కాదు. అమావాస్య దాటి నెలవంక కనిపిస్తే నెల మొదలు. నెలకు 29 లేదా 30 రోజులు. సూర్యుడితో లెక్క తప్పుతుంటే ఒక నెలను రెండుసార్లు చేసుకునేవాళ్లు. "అధిక మాసమా!" అని బావ ఫోన్లోంచి తలెత్తింది ఆ ఒక్కసారే.

రాత్రి సువ్లాకి తిన్నాం. పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం. బలి ఇచ్చినప్పుడు గుండె, కాలేయం వగైరా ముందుగా ఇలాగే ఇనప చువ్వలకు గుచ్చి కాల్చి, దగ్గరున్నవాళ్లు అక్కడికక్కడే తినేవాళ్లు. ఆ చువ్వ పేరు ఒబెలోస్. దాన్నుంచే ఒబోల్ అనే నాణెం పేరు వచ్చింది. ఆరు చువ్వలు కలిపి పట్టుకుంటే ఒక గుప్పెడు, ఆ గుప్పెడు పేరే డ్రాక్మా. 2002లో యూరో నోట్లు వచ్చేదాకా ఈ దేశం బలి చువ్వల లెక్కలోనే జీతాలు ఇచ్చిందన్నమాట. బావ ఇంకో రెండు గుప్పెళ్లు ఆర్డర్ చేశాడు.

రెండో రోజు: అక్రోపోలిస్

పొద్దున ఎనిమిది గంటల స్లాట్. చెప్పులతో కొండెక్కితే జారి పడతావని హోటల్ కుర్రాడు చెబితే బావ రెండో జత బూట్లు వేసుకున్నాను. ఒక సైజు పెద్దవి. పైన పాలరాయి ఎన్ని కాళ్ల కింద అరిగిందో, అద్దంలా ఉంది. ద్వారం మెట్లు దాటేలోపు రెండుసార్లు బావ భుజం పట్టుకున్నాను.

లోపలికి రాగానే పార్థెనాన్ కనిపిస్తుంది. అందరూ అక్కడే ఆగి ఫోన్లు తీస్తారు. వాళ్లు తీసేది గుడి వీపు ఫోటో. గుడి తూర్పు ముఖం, మనం వచ్చేదేమో పడమటి నుంచి. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432 నాటికి పూర్తిచేసిన ఈ గుడి లోపల శిల్పి ఫిడియాస్ చేసిన బంగారం, ఏనుగు దంతాల ఎథీనా విగ్రహం దాదాపు 12 మీటర్ల ఎత్తుండేది. అయినా ఏడాది పండగలో కొత్త బట్ట పెట్టింది ఈ అమ్మకు కాదు. కొండ మీద ఉత్తరం పక్కన ఉండిన పాత ఒలీవ కర్ర విగ్రహానికి. అది ఆకాశం నుంచి పడిందని వాళ్ల నమ్మకం. ఖరీదు ఒక విగ్రహానిది, మహిమ ఇంకో విగ్రహానిది.

ఆ బట్ట పేరు పెప్లోస్. పండగకు తొమ్మిది నెలల ముందే మగ్గం ఎక్కేది. ఎంపిక చేసిన ఆడపిల్లలు నేసేవాళ్లు. దేవతలు రాక్షసులను ఓడించిన బొమ్మలు అందులోనే నేత. పండగ ఏటా ఉండేది, నాలుగేళ్లకోసారి పెద్దది. పెద్ద పండగకు చక్రాలు కట్టిన ఓడ మీద ఆ బట్టను తెరచాపలా కట్టి ఊళ్లోంచి లాక్కొచ్చేవాళ్లు. తిరుపతిలో గంగమ్మ జాతరకు తిరుమల నుంచి సారె దిగి వస్తుంది, అన్న చెల్లెలికి పంపినట్టు. ఆ ఓడ సంగతి చదివినప్పటి నుంచి నాకు ఆ సారె ఊరేగింపే కళ్లలో మెదులుతోంది.

"అంతా బాగుండాదిగానీ, ఇంతమంది ఈ గుళ్లో ఎట్ల పట్టినార్రా?" అన్నాడు బావ.

పట్టలేదు, పట్టాల్సిన పనీ లేదు. గుడి దేవుడి ఇల్లు, కానుకల కొట్టు. పూజ బయట, బలిపీఠం దగ్గర. పార్థెనాన్‌కు ఈశాన్యంగా ఉండేది ఆ పీఠం. వెతుక్కుంటూ వెళ్లాం. చెక్కిన గుర్తులు కొన్ని ఉన్న బోడి బండ. దానికి ఎవరూ ఫోటో తీయడం లేదు. ఒకావిడ అటు వీపు పెట్టి గుడితో సెల్ఫీ తీసుకుంటోంది.

నేను అక్కడే కాసేపు నిలబడ్డాను. పెద్ద పండగ రోజు ఈ బండ మీదికి వంద ఆవులు వచ్చేవి. ముందు ఒక పెళ్లికాని పిల్ల తల మీద బుట్టతో నడుస్తుంది. బుట్టలో బార్లీ గింజలు, గింజల కింద కనిపించకుండా కత్తి. చేతులు కడుక్కుని పశువు తల మీద నీళ్లు చల్లుతారు. అది తల ఆడిస్తే ఒప్పుకున్నట్టు. గింజలు విసురుతారు. నుదుటి మీది వెంట్రుకలు నాలుగు కోసి నిప్పులో వేస్తారు. కత్తి పడే క్షణంలో ఆడవాళ్లంతా ఒక్కసారి గొంతెత్తి కేక పెడతారు. రక్తం పీఠానికి. తొడ ఎముకలు కొవ్వులో చుట్టి కాలిస్తే ఆ పొగ దేవతలకు. మాంసం మాత్రం మనుషులకు! ఇదేం పంపకం అని వాళ్లకే అనుమానం వచ్చినట్టుంది, దానికో కథ చెప్పుకున్నారు. మనుషుల పక్షాన నిలిచే ప్రొమీథియస్ అనే దేవుడు ఎముకల మీద నిగనిగలాడే కొవ్వు కప్పి ఒక కుప్ప, పశువు పొట్టలో మాంసం దాచి ఇంకో కుప్ప పెట్టి, ఏది కావాలో తీసుకోమన్నాడట. దేవతల రాజు జ్యూస్ కొవ్వున్న కుప్ప తీసుకున్నాడు. అప్పటి నుంచీ అదే వాటా.

మనుషుల వాటా కూడా గాలికి వదిలెయ్యలేదు. ఏటా జరిగే చిన్న పండగ లెక్కలు రాయి మీద చెక్కింది దొరికింది, క్రీ.పూ. నాలుగో శతాబ్దానిది. సభ నడిపే అధికారులకు ఐదు వాటాలు, ఆర్కన్‌లనే తొమ్మిది మంది పాలకులకు మూడు, అలా పోగా మిగతా మాంసం కెరమైకోస్‌లో జనానికి, ఏ పేట నుంచి ఎంతమంది ఊరేగింపుకు వచ్చారో దాన్ని బట్టి. మా ఊళ్లో జాతర మర్నాడు తల ఎవరిది, కాలు ఎవరిది అని జరిగే పంచాయితీ గుర్తొచ్చింది. రాయి మీద చెక్కించి ఉంటే సగం గొడవలు తప్పేవి.

కొండ దిగి దక్షిణం వైపు వస్తే వైన్ దేవుడు డయోనిసస్ నాటకశాల. ముందు వరసలో పాలరాతి కుర్చీలు, నడుమ పెద్ద కుర్చీ ఆ దేవుడి పూజారిది. కుర్చీ మీద ఆయన పదవి పేరు ఇంకా చదవొచ్చు. నాటకం ఇక్కడ దేవుడి ఉత్సవంలో భాగం, పోటీ కూడా. మా వైపు ధర్మరాజుల గుడి దగ్గర మహాభారతం ఇలాగే జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరున దుర్యోధన వధ. అందుకే ఆ కుర్చీ నాకు వింతగా అనిపించలేదు. మా ఊళ్లోనూ ముందు వరసలో ఎవరు కూర్చోవాలో పెద్ద సంగతే.

సాయంత్రం మ్యూజియం. పార్థెనాన్ చుట్టూ చెక్కిన ఊరేగింపు, 160 మీటర్ల పొడవు. గుర్రాలు, నీళ్ల కుండలు మోసేవాళ్లు, బలికి వెళ్లే పశువులు, చివర ఆ బట్ట మడత పెడుతున్న దృశ్యం. అసలు రాళ్లు తేనె రంగులో ఉన్నాయి. లండన్‌లో ఉన్నవాటికి బదులు తెల్లటి ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. మెడ పైకెత్తి అరుస్తున్న ఆవు ఒకటుంది, అది నకలే. బావ దాని ముందు చాలాసేపు ఉన్నాడు, ఏమీ అనలేదు.

మూడో రోజు: ఎల్యూసిస్

ఏథెన్స్ నుంచి 20 కిలోమీటర్లు. భక్తులు నడిచిన దారికి ఇప్పటికీ పవిత్ర మార్గం అనే పేరు, ఇయెరా ఒడోస్. ఇప్పుడది టైర్ షాపుల రోడ్డు. ఊరి పేరు ఎలెఫ్సీనా, చమురు శుద్ధి కర్మాగారాలు, ఓడల రేవు. 2023లో దీన్ని యూరప్ సాంస్కృతిక రాజధాని చేశారు. బస్సులో ఎవరినడిగినా మేం ఎందుకు వచ్చామో అర్థం కానట్టే చూశారు.

ఇక్కడి డిమీటర్ పండగ రహస్యం. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే బోయిడ్రొమియోన్ నెలలో. గ్రీకు మాట్లాడాలి, చేతికి హత్య అంటి ఉండకూడదు, అంతే అర్హత. ఆడవాళ్లు, బానిసలు కూడా రావచ్చు. మొదట "భక్తులారా, సముద్రానికి!" అని చాటింపు. ఒక్కొక్కరూ తమ తమ పంది పిల్లను చంకన పెట్టుకుని సముద్రానికి వెళ్లి, తామూ మునిగి, దాన్నీ ముంచి తెచ్చేవాళ్లు. ఒకసారి పంది పిల్లను కడుగుతున్న భక్తుణ్ణి ఏదో పెద్ద చేప పట్టేసిందని ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత రాశాడు. తర్వాత కుడి చేతికి, ఎడమ కాలికి ఉన్ని దారం కట్టుకుని, మనం కంకణం కట్టుకున్నట్టు, ఈ దారిన నడక.

దారిలో ఒక వంతెన. అక్కడ ముసుగులు వేసుకున్నవాళ్లు కాచుకుని ఉండి, వచ్చేవాళ్లను, అందులోనూ పేరున్న పెద్దమనుషులను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. ఇది చెప్పగానే బావ బస్సులోనే పగలబడి నవ్వాడు. తిరుపతి జాతరలో బండ వేషం కట్టినవాడు మా బావను నడిరోడ్డులో బూతులు తిట్టిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. తిట్టించుకున్నందుకు మా అత్త సంతోషించింది కూడా.

ఉపవాసం విడిచేది కికియోన్ అనే పానీయంతో: నీళ్లు, బార్లీ, పుదీనా జాతి ఆకు. కూతురు కనబడక తిరిగిన డిమీటర్ వైన్ వద్దని ఇదే కలిపించుకుని తాగిందట. వినడానికి జావలాగే ఉంది.

లోపల ఏం జరిగేదో బయట చెబితే మరణశిక్ష. క్రీ.పూ. 415లో ఈ రహస్యాలను ఇళ్లలో ఎగతాళిగా ఆడారన్న ఆరోపణ మీద ఎందరినో పట్టుకున్నారు, సేనాని ఆల్సిబయడీస్ పారిపోయి శత్రువుల్లో కలిశాడు. మిగిలింది పెద్ద హాలు నేల. పక్కకు 50 మీటర్ల పైచిలుకు, 42 స్తంభాలు, చుట్టూ మెట్లు, కొన్ని కొండరాయిలోనే తొలిచినవి. గ్రీకు గుడుల్లో ఇది తిరగేసిన లెక్క. ఇక్కడ జనం లోపలే. వేలమంది చీకట్లో ఆ మెట్ల మీద నిలబడి, పెద్ద పూజారి ఏదో చూపిస్తే చూశారు. ఏం చూశారో రాసిపెట్టే ధైర్యం ఎవరికీ రాలేదు.

మ్యూజియంలో తల మీద బుట్ట ఉన్న రాతి స్త్రీ సగం విగ్రహం ఉంది. దీని జంట కేంబ్రిడ్జిలో ఉంది. 1801లో క్లార్క్ అనే ఇంగ్లీషాయన దాన్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఈ ఊరివాళ్లు ఆ రాతిని కళ్లంలో పేడ కుప్పల మధ్య నిలబెట్టుకుని ఉన్నారు. పంటలు దానివల్లే పండుతాయని వాళ్ల నమ్మకం, పండగలకు దీపం కూడా పెట్టేవాళ్లు. బయల్దేరే ముందు ఒక ఎద్దు కట్టు తెంచుకొచ్చి ఆ విగ్రహాన్ని కుమ్మిందట. అది ఎక్కిన ఓడ ఇంగ్లండ్ తీరం దగ్గర మునిగింది. విగ్రహాన్ని పైకి తీశారు లెండి. క్రైస్తవం వచ్చి వెయ్యేళ్లు దాటినా, గుడి క్రీ.శ. 396లో నాశనమైనా, డిమీటర్‌కు దీపం పెట్టింది ఆ పేడకుప్ప దగ్గరే.

హోటల్‌కి వచ్చేసరికి సూట్‌కేసు గది ముందు ఉంది. ఒక చక్రం లేదు.

నాలుగో రోజు: డెల్ఫీ

అద్దె కారు. మూడు గంటల దారి, చివరి గంట కొండ మలుపులు. పర్నాసస్ కొండ గోడలా లేచి ఉంది. దాని ఒళ్లో డెల్ఫీ, కింద లోయ నిండా ఒలీవ చెట్లు. 1892లో ఫ్రెంచివాళ్లు తవ్వకాలు మొదలుపెట్టడానికి ఇక్కడున్న ఊరినే పక్కకు జరిపారు.

చివరికి ఇక్కడ బలిపీఠం దొరికింది. జోస్యం చెప్పే దేవుడు అపోలో గుడి ముందర, నల్లరాతిది. కియోస్ ద్వీపం వాళ్లు కట్టించారు. అందుకు ప్రతిఫలంగా, ప్రశ్న అడిగే క్యూలో ముందు వెళ్లే హక్కు తమకిచ్చారని దాని మీదే చెక్కించారు. బావ తిరుపతి మనిషి. "వీఐపీ బ్రేక్ అప్పుడే ఉండిందన్నమాట" అన్నాడు.

ప్రశ్నకు అపోలో తరఫున జవాబు చెప్పేది పీథియా అనే పూజారిణి, ఈ ఊరి స్త్రీయే. తన కాలపు పీథియా పేద రైతు ఇంటి పిల్ల అని, ఇక్కడే పూజారిగా చేసిన ప్లూటార్క్ రాశాడు. నెలకు ఒక్కరోజు, ఏడో తేదీన. చలికాలం మూడు నెలలు అపోలో ఊళ్లో ఉండడు కాబట్టి అదీ లేదు. వచ్చినవాళ్లు ముందు పిండివంట కొని సమర్పించాలి, తర్వాత మేకను తేవాలి. ఆ మేక మీద చన్నీళ్లు చల్లుతారు. తల ఆడిస్తే చాలదు, గిట్టల దాకా ఒళ్లంతా వణకాలి. వణక్కపోతే ఆ రోజు దేవుడు పలకడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాత గంగమ్మకు మొక్కుకున్న పొట్టేలును గుడి ముందు నిలబెట్టారు. పసుపు నీళ్లు చల్లారు. అది ఒళ్లు విదిలించాలి, అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించలేదు. మళ్లీ చల్లారు. నావైపే చూస్తోంది, దానికి మేత వేసింది నేను. డప్పులు ఆగిపోయాయి. మా అవ్వ గొణుక్కుంటూ చెంపలేసుకుంది, ఎవరు ఏం తప్పు చేశారో అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను లోపల్లోపల విదిలించకు, విదిలించకు అనుకుంటున్నాను. అప్పుడు మా చిన్నాన్న చెంబు తీసుకుని దాని చెవిలో పోశాడు. విదిలించింది. డప్పులు మోగాయి. ఆ ఏడాది నేను మాంసం తినలేదు. జ్వరమని చెప్పాను.

ప్లూటార్క్ ఒక సంఘటన రాశాడు. దూరదేశం నుంచి పెద్దవాళ్లు వచ్చారు. మేక ఎన్నిసార్లు నీళ్లు చల్లినా కదల్లేదు. వచ్చినవాళ్లను మెప్పించాలని పూజారులు ఇంకా ఇంకా పోశారు. తడిసి ముద్దయ్యాక, ఇక తట్టుకోలేక అది వణికింది. పీథియా ఇష్టం లేకుండానే లోపలికి దిగింది. మొదటి మాటలకే గొంతు మారిపోయింది. ఒక్క అరుపు అరిచి బయటికి పరుగెత్తి కిందపడింది. పూజారులు కూడా భయపడి పారిపోయారు. కొద్దిరోజులకు ఆమె చనిపోయింది.

కియోస్ వాళ్ల పీఠం పక్కన గోడ మీద కూర్చుని ఇది బావకు చెప్పాను. పొట్టేలు సంగతీ చెప్పాను. చెవిలో నీళ్లు పోసిన చిన్నాన్న బావకు మామ అవుతాడు. "ఆయనట్లే చేస్తాడు" అన్నాడు బావ చాలాసేపటికి.

మ్యూజియంలో భూమికి నాభి అని పిలిచిన రాయి, కంచు రథసారథి చూశాం. రథసారథి కాలి వేళ్లు చూడండి, మిగతాది వాటంతట అవే చూపిస్తాయి.

ఐదో రోజు: దారి

డెల్ఫీ నుంచి ఒలింపియాకు. సముద్రం మీద రియో వంతెన, 2004లో తెరిచారు, దాదాపు మూడు కిలోమీటర్లు. దాటాక మ్యాప్ మమ్మల్ని ఒక ఒలీవ తోటలోకి తీసుకెళ్లి అక్కడ వదిలేసింది. కారు వెనక్కి తీయడానికి ముప్పావు గంట. ఇంకేం లేదు.

ఆరో రోజు: ఒలింపియా

నీడ ఎక్కువ, చెట్లు, పడిన స్తంభాలు. ఒలింపిక్ జ్యోతి వెలిగించే చోట, జ్యూస్ భార్య హీరా గుడి ముందు, గుంపులు గుంపులుగా నిలబడి గైడ్ల మాటలు వింటున్నారు. అద్దంతో నిప్పు పుట్టించే ఆ తంతు 1936లో మొదలైంది. మా తాత అంతకంటే పెద్దవాడు.

పాత పండగ ఐదు రోజులు, నడిమి రోజు జ్యూస్‌కు వంద ఎద్దులు. నేను వచ్చింది ఆ పీఠం కోసం. రాయితో కట్టింది కాదు. బూడిద కుప్ప. కాల్చిన తొడల బూడిద, ఏళ్ల తరబడి పేరుకున్నది. క్రీ.శ. రెండో శతాబ్దంలో చూసిన పౌసానియస్ అనే యాత్రికుడు కొలతలు రాశాడు: అడుగున చుట్టుకొలత 125 అడుగులు, మొత్తం ఎత్తు 22 అడుగులు. ఏటా ఒక నిర్ణీత రోజున ఊరి పొయ్యిలోని బూడిద తెచ్చి, పక్కన పారే ఆల్ఫియోస్ నది నీళ్లతో కలిపి దాని మీద పూసేవాళ్లు. వేరే నీళ్లు పనికిరావు. నిప్పుకు తెల్ల పాప్లార్ కట్టెలు తప్ప ఇంకోటి వాడరు. ఆడవాళ్లు మొదటి అంతస్తు దాకా, మగవాళ్లు పైదాకా. ఇంటి ముందు పేడతో అలికినట్టు, వందల ఏళ్లు అలుకుతూ కొండను పెంచారు.

అలకడం ఆగిపోయింది. బూడిద కదా, ఏమీ మిగల్లేదు. హీరా గుడికీ పురాణాల వీరుడు పెలోప్స్ సమాధికీ దగ్గర్లో ఎక్కడో అని పుస్తకాలు అంటాయి. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను. గడ్డి, పైన్ ముళ్లు, చీమలు.

"ఏడుండాది రా నీ పీఠం?" అన్నాడు బావ, టోపీతో మొహం విసురుకుంటూ. ఈగలు. మధ్యాహ్నం ఎండకు ఎక్కడి నుంచి వచ్చాయో, కళ్ల మీద, పెదాల మీద.

వంద ఎద్దులను కోసిన చోట ఎన్ని ఈగలు ఉండేవో మరి. దానికీ ఒక జ్యూస్ ఉన్నాడు ఇక్కడ, ఈగలను తరిమే జ్యూస్. హెరాక్లీస్ అనే వీరుడు బలి ఇస్తుంటే ఈగలు విసిగిస్తే, ఆ జ్యూస్‌కు పూజ చేశాడట, ఈగలన్నీ నది దాటి పోయాయట. ఒలింపియా పక్కనున్న జనం తర్వాత కూడా ఆయనకు బలి ఇస్తూనే వచ్చారు.

బావకు చెప్పాను. టోపీ ఆపి నావైపు చూశాడు.

"ఆయన పీఠం యాడుండాదో ముందు ఎదుకు" అన్నాడు.